పాత స్ప్లెండర్‌లో డ్రెయిన్ బోల్టు మర పోతే: డ్రిల్లు పట్టుకునే ముందు చూడవలసినవి

మీ నాన్నగారు 1998లో కొన్న హీరో హోండా స్ప్లెండర్‌కు ఆయిల్ మార్పించిన తరువాత డ్రెయిన్ బోల్టు, అంటే పాత నూనె దించడానికి ఇంజన్ అడుగున ఉండే బోల్టు, బిగుసుకోకుండా తిరుగుతూనే ఉందనీ, బండి నిలిపిన చోట తెల్లవారేసరికి రూపాయి బిళ్ళంత మరక పడుతోందనీ రాశారు. ఒక మెకానిక్ టెఫ్లాన్ టేపు చుట్టి పంపారు. ఇంకొకరు కాస్త లావు బోల్టును బలవంతంగా తిప్పితే అదే కొత్త మర కోసుకుంటుందన్నారు. మూడోవారు ఛాంబర్, అంటే ఇంజన్ భాగాలన్నీ కూర్చునే అల్యూమినియం పెట్టె, మొత్తం మార్చాలన్నారు. ఈ మూడింటిలో ఏది చేయించుకోవాలన్నది మీ ప్రశ్న. నా సలహా, మూడింటిలో ఏదీ వద్దు. ఇరవై ఏడేళ్లుగా లేత్ పనీ, ద్విచక్ర వాహనాల ఇంజన్ పనీ చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: పోయిన మరను శాశ్వతంగా బాగుచేయవచ్చు, చేసిన తరువాత అది కంపెనీ ఇచ్చిన మర కన్నా గట్టిగా ఉంటుంది. అయితే మొదటిసారి చేసే పని సరిగా జరగాలి. నా దగ్గరికి వచ్చిన పాడైన ఛాంబర్లలో ఎక్కువ భాగం మర పోయినందువల్ల పాడైనవి కావు, మర పోయిన తరువాత ఎవరో తొందరపడి చేసిన మొదటి మరమ్మతు వల్ల పాడైనవి.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. డ్రెయిన్ బోల్టు దగ్గర నూనెను ఆపేది మర కాదు, బోల్టు తలకూ ఛాంబర్ అడుగున ఉన్న బుడిపె చదునుకూ మధ్య నలిగి కూర్చునే వాషర్. మర పని ఆ వాషర్‌ను తగినంత బలంతో అదిమి పట్టడం మాత్రమే. నీళ్ల పైపుల మరలు కొన్ని కొసకు వచ్చేకొద్దీ సన్నబడతాయి కాబట్టి అక్కడ టేపు పనిచేస్తుంది. డ్రెయిన్ బోల్టు మర మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. దానికి టేపు చుడితే కారడం కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుందే గాని, బోల్టును పట్టి ఉంచే బలం ఏమాత్రం పెరగదు. అలాంటి బోల్టు కదలికలకు మెల్లగా వదులై దారిలో ఊడిపోతే, ఆ ఇంజన్‌లో ఉండే లీటరుకు మించని నూనె రోడ్డు పాలవుతుంది. నూనె లేని ఇంజన్ పట్టేయడానికి ఎంతో దూరం నడవనక్కర లేదు. కారే మరక కన్నా నన్ను భయపెట్టేది అదే. అందువల్ల మరమ్మతు పూర్తయ్యే వరకు బండిని నడపవద్దని గట్టిగా కోరుతున్నాను.

మర ఎందుకు పోయిందో తెలుసుకోవడం కూడా అవసరమే, లేకపోతే కొత్త మర కూడా అదే దారి పడుతుంది. నేను చూసిన బళ్లలో చాలావాటి కథ ఒకటే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత వాషర్‌నే తిరిగి వేస్తారు, అది నలిగి నలిగి గట్టిపడి చదునును పట్టుకోలేకపోతుంది, చెమ్మ కనిపించగానే ఎవరో బోల్టును ఇంకొంచెం బిగిస్తారు, తరువాతి సారి ఇంకా కొంచెం బిగిస్తారు. బోల్టు ఉక్కుది, ఛాంబర్ అల్యూమినియంది కాబట్టి ఓడిపోయేది ఎప్పుడూ ఛాంబరే. పైగా బిగించిన బోల్టు బరువును మరలన్నీ సమానంగా మోయవు, తలకు దగ్గరగా ఉన్న మొదటి చుట్టు ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది. అది తెగితే ఆ భారం రెండో చుట్టు మీద పడుతుంది, అలా ఒకదాని వెంట ఒకటి పోతాయి. బోల్టు బిగుసుకుంటున్నట్టే ఉండి హఠాత్తుగా చేతికి తేలికగా తగిలిన ఆ క్షణం ఇదే.

ఇక పరీక్ష. బోల్టు విప్పి వెలుతురులో చూడండి. దాని మరల మధ్య వెండి తీగలాంటిది చుట్టుకొని వస్తే అది ఛాంబర్ మరే. ఆ తీగను గుండుసూదితో జాగ్రత్తగా తీసి, ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. బుడిపె లోపల ఎంత మర మిగిలిందో దాన్ని బట్టి అంచనా వేయవచ్చు. తరువాత కొత్త బోల్టు ఒకటి తెచ్చి వేళ్లతోనే తిప్పి చూడండి. ఒక్కోసారి అరిగింది బోల్టు మాత్రమే అయి ఉంటుంది, కొత్తది వేయగానే సమస్య తీరిపోతుంది. ఇది ఎంత చిన్న విషయమో అంత తరచుగా మరిచిపోయే విషయం. ఆ తరువాత బుడిపె చుట్టూ పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరిన వెంటనే కొంచెం సుద్దపొడి చల్లి కాసేపు ఆగండి. వెంట్రుకవాసి పగులు ఉంటే నూనె ఆ గీత వెంబడి సుద్దలోకి ఎక్కి నల్లగా కనిపిస్తుంది. పగులు ఉన్నదీ లేనిదీ తేలకుండా ముందుకు వెళ్లకూడదు, ఎందుకంటే పగిలిన బుడిపెలో ఏ మర కోసినా ఆ పగులును ఇంకా తెరిచినట్టే.

మర కొలతను ఊహించవద్దు, కొలవండి. ఈ ఇంజన్‌లో డ్రెయిన్ బోల్టు మర లావు 12 మిల్లీమీటర్లు, ఒక చుట్టు నుంచి మరో చుట్టుకు దూరం, అంటే పిచ్, 1.5 మిల్లీమీటర్లు, తలకు పట్టేది 17 నంబరు పానా. అయినా ఇంత వయసున్న బండిలో ఎవరైనా ముందే ఏదైనా మార్చి ఉండవచ్చు కాబట్టి వెర్నియర్‌తో, అంటే దవడల మధ్య పట్టి కొలిచే సాధనంతో, లావు చూడండి. పిచ్ గేజి లేకపోతే పది చుట్ల పొడవు కొలవండి, 15 మిల్లీమీటర్లు వస్తే పిచ్ 1.5 అన్నమాట. కొత్త బోల్టునూ పాత బోల్టునూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నా తెలుస్తుంది, ఒకదాని పళ్లు మరోదాని సందుల్లో పూర్తిగా ఇమిడిపోతే పిచ్ ఒకటే.

స్ప్లెండర్‌లో అన్నీ మెట్రిక్ మరలే కాబట్టి ఇంతటితో సరిపోతుంది. పాత బుల్లెట్ ఉన్నవారు మాత్రం ఇక్కడే ఒక అడుగు ఆగాలి. బ్రిటిష్ డిజైన్ మీద మద్రాసులో తయారైన ఆ పాత ఇంజన్లలో అంగుళాల మరలు చాలా ఉన్నాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, చూపుకు 8 మిల్లీమీటర్ల బోల్టే అనిపిస్తుంది. కాని విట్‌వర్త్ ముతక మర అయితే అంగుళానికి 18 చుట్లు, సన్న మర అయితే 22 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ 8 బోల్టు పిచ్ 1.25 మిల్లీమీటర్లు, కోణం 60 డిగ్రీలు. ఆ రంధ్రంలో ఈ బోల్టు రెండు చుట్లు హాయిగా వెళ్లి తరువాత బిగుస్తుంది, తుప్పు పట్టిందనుకొని పానా వేసి తిప్పితే మర మొత్తం కోసుకుపోతుంది. బుల్లెట్లలో నేను బాగుచేసిన మరల్లో సగానికి పైగా ఇలా పోయినవే.

ఇప్పుడు మీకు వచ్చిన సలహాల సంగతి. అరల్డైట్, ఎంసీల్ వంటివి పూసి బోల్టు అతికించడం కూడా టేపులాంటిదే, పైగా వేడికి ఆ జిగురు మెత్తబడుతుంది, తరువాత మర కోసేవారికి ముందు దాన్ని గోకడమే ఒక పని అవుతుంది. తనంతట తానే మర కోసుకునే లావు బోల్టును నేను ఒక్క బండికీ వేయను. అది అల్యూమినియంను కోయదు, పక్కకు నెడుతుంది. ఆ ఒత్తిడికి బుడిపె అంచు చీలే ప్రమాదం ఉంది, అలా వేసిన బోల్టు నిటారుగా వెళుతుందన్న నమ్మకమూ లేదు. బోల్టు కొంచెం వంకరగా వెళితే తల ఒకవైపు చదునుకు ఆనుతుంది, మరోవైపు ఆనదు, ఇక ఎంత మంచి వాషర్ వేసినా నూనె ఆగదు. ఛాంబర్ మార్చడం పగులు బాగా పెద్దదైతే తప్ప అనవసరం. అందుకోసం ఇంజన్ మొత్తం విప్పి బేరింగులు, గేర్లు, సీళ్లు అన్నీ మళ్లీ అమర్చవలసి ఉంటుంది, ఛాంబర్ మీద ఉన్న ఇంజన్ నంబరుతో రిజిస్ట్రేషన్ కాగితాల చిక్కు కూడా వస్తుంది.

లేత్ షాపుల్లో సాధారణంగా చేసే పద్ధతి, 12.5 డ్రిల్లు వేసి 14 మిల్లీమీటర్ల, 1.5 పిచ్ ట్యాపుతో (రంధ్రం లోపల మర కోసే పనిముట్టుతో) కొత్త మర కోసి లావు బోల్టు ఇవ్వడం. నిటారుగా చేస్తే ఇది తప్పు పని కాదు. కాని కొత్త మర కూడా మెత్తని అల్యూమినియంలోనే ఉంటుంది, బుడిపె గోడ మరింత పలచబడుతుంది, మళ్లీ పోతే ఇంకా లావుకు వెళ్లడానికి చోటు ఉండదు. ప్రయాణం మధ్యలో ఉన్నవారికి తప్ప దీన్ని నేను సూచించను.

హెలీకాయిల్ గురించి మీరు విన్నానన్నారు కాబట్టి వివరంగా చెబుతాను. అది అడ్డంగా కోసి చూస్తే డైమండ్ ఆకారంలో కనిపించే స్టెయిన్‌లెస్ ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టిన చుట్ట. పోయిన మరను కొంచెం పెద్దది చేసి, దానికోసమే తయారైన ప్రత్యేక ట్యాపుతో మర కోసి, ఆ చుట్టను అందులోకి తిప్పితే, లోపలి వైపు మళ్లీ పాత కొలత మరే ఏర్పడుతుంది, మీ పాత కొలత బోల్టే పడుతుంది. మామూలు 12 నంబరు ట్యాపు దీనికి పనికిరాదు, కిట్‌లో వచ్చేదే వాడాలి. విజయవాడ ఆటోనగర్‌లోనూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ పనిముట్ల దుకాణాల్లో అడగండి. 12 మిల్లీమీటర్ల 1.5 పిచ్‌కు డ్రిల్లు 12.4 లేదా 12.5 ఉంటుంది, కిట్ మీద రాసిన కొలతనే పాటించండి.

కరెంటు డ్రిల్లు ఈ పనికి వద్దు. ఉన్న రంధ్రాన్ని అర మిల్లీమీటరు పెంచేటప్పుడు డ్రిల్లు అంచు మెత్తని లోహాన్ని ఒక్కసారిగా కొరికి లోపలికి లాక్కుంటుంది, చేతిలో మిషన్ తిరగబడి రంధ్రం గుడ్డు ఆకారానికి వస్తుంది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పాత స్కూటర్ గేరు ఆయిల్ రంధ్రాన్ని నేనే ఇలా పాడుచేశాను. కంటికి నిటారుగానే కనిపించింది, బోల్టు బిగించి చూస్తే తల కింద ఒకవైపు కాగితం దూరేంత సందు ఉంది. ఆ బండి యజమానికి నా ఖర్చుతో వెల్డింగ్ చేయించి మళ్లీ మర కోయించి ఇచ్చాను. ఆనాటి నుంచి డ్రిల్లును కూడా ట్యాపు పిడికి బిగించి చేత్తోనే తిప్పుతున్నాను. అల్యూమినియం చేతితో తిప్పినా తేలికగా తెగుతుంది, ఆలస్యమైనా తప్పు జరగదు.

నిటారుతనం కోసం ఒక చిన్న సాధనం చేసుకోండి. రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉన్న ఇనుప దిమ్మెకు లేత్ షాపులో ట్యాపు కాడ పట్టేంత రంధ్రం నిలువుగా వేయించి, ఆ దిమ్మెను బుడిపె చదునుకు ఆనించి పట్టుకొని అందులోంచి ట్యాపు పోనివ్వండి. ఆ చదునే మీకు ఆధారం, ఎందుకంటే రేపు వాషర్ కూర్చునేది దాని మీదే. దిమ్మె లేకపోతే రెండు చుట్లు కోసిన వెంటనే చిన్న మూలమట్టం పెట్టి రెండు వైపుల నుంచి చూడండి, అప్పటికింకా సరిదిద్దే అవకాశం ఉంటుంది, నాలుగు చుట్లు దాటితే ఉండదు. కాళ్లు పెట్టుకునే కమ్మీ అడ్డం వస్తుంటే దాన్ని ముందే విప్పేయండి, వంగిన చేత్తో నిటారుగా కోయడం ఎవరివల్లా కాదు. ట్యాపుకు కొద్దిగా కిరసనాయిలు రాయండి, అల్యూమినియం కోతకు అదే మంచిది. ట్యాపు గాళ్లలో గ్రీజు నింపితే రజను దానికి అంటుకొని బయటికి వస్తుంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, బిగువు తగిలినప్పుడల్లా పూర్తిగా బయటికి తీసి తుడిచి మళ్లీ వేయండి.

చుట్టను ఎక్కించేటప్పుడు అది చదును కన్నా పావు నుంచి అర చుట్టు లోపలికి దిగి ఉండాలి. పైకి పొడుచుకొని ఉంటే వాషర్ కూర్చోదు, బోల్టు విప్పినప్పుడు చుట్ట కూడా వెంట వచ్చేస్తుంది. కొసన ఉండే చిన్న నాలుకను మామూలుగా సుత్తి దెబ్బతో విరిచేస్తారు, కాని మీ విషయంలో ఆ ముక్క ఇంజన్ లోపలికి పడుతుంది. సన్నమూతి ప్లయర్‌తో దాన్ని పట్టుకొని అటూ ఇటూ ఆడించి విరిచి బయటికి తీయండి, తీసిన ముక్కను కంటితో చూసేదాకా పని అయిందనుకోవద్దు.

ఇంత చెప్పిన తరువాత, ఈ ఒక్క బోల్టుకు మాత్రం నేను హెలీకాయిల్ కన్నా గట్టి బుష్‌ను ఇష్టపడతాను. హెలీకాయిల్ ఒకసారి బిగించి ఏళ్ల తరబడి విప్పని బోల్టులకు, స్టడ్‌లకు, పక్క కవర్ల 6 మిల్లీమీటర్ల బోల్టులకు ఎంతో మంచిది. డ్రెయిన్ బోల్టును ఏడాదికి మూడు నాలుగు సార్లు విప్పుతాం, ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు ఎక్కువగా బిగిస్తారు. దానికి బయట 16 మిల్లీమీటర్ల 1.5 పిచ్ మర, లోపల 12 మిల్లీమీటర్ల 1.5 పిచ్ మర, బయటి కొసన బుడిపె చదునుకు ఆనే వెడల్పాటి అంచు ఉన్న ఉక్కు బుష్ చేయించి, ఛాంబర్‌కు 14.5 డ్రిల్లు వేసి 16 ట్యాపు కోసి, బుష్‌ను శాశ్వతంగా బిగించేస్తే ఇక ఆ మర అరగడమన్నది ఉండదు. బుడిపెకు తగినంత దళసరి ఉంటేనే ఇది సాధ్యం కనుక ముందు వెర్నియర్‌తో కొలవండి. 16 మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ మూడు మిల్లీమీటర్ల గోడ కూడా మిగలదనిపిస్తే హెలీకాయిల్‌కే వెళ్లండి.

బుష్ చేసే లేత్ పనివారికి రెండు మాటలు చెప్పండి. బయటి మర, లోపలి మర, అంచు లోపలి చదును, ఈ మూడూ కడ్డీని చక్‌లోంచి తీయకుండా ఒకే పట్టులో పూర్తికావాలి. తెంచిన తరువాత వాషర్ కూర్చునే బయటి చదును చేసేటప్పుడు బుష్‌ను నేరుగా చక్‌లో పట్టకుండా 12 మర కోసిన కడ్డీకి ఎక్కించి చదును చేయాలి. అప్పుడే ఆ చదును లోపలి మరకు సరిగ్గా లంబంగా వస్తుంది. పొడవు బుడిపె మందానికి మించకూడదు. లోపలికి పొడుచుకొస్తే ఆయిల్ మార్చిన ప్రతిసారీ అడుగున కొంత మురికి నూనె ఆ అంచు వెనకే నిలిచిపోతుంది. బిగించే ముందు రెండు మరలనూ థిన్నర్‌తో నూనె జాడ లేకుండా కడిగి, గట్టి రకం లాక్‌టైట్ (మరలు తిరగకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, అంచు గట్టిగా ఆనేదాకా బిగించి, ఒక రోజు పూర్తిగా కదపకుండా వదిలేయాలి. నూనె జాడ ఉంటే ఆ మందు సరిగా పట్టదు, తరువాత బోల్టుతో పాటు బుష్ కూడా తిరుగుతుంది.

సుద్దపొడి పరీక్షలో పగులు కనిపిస్తే మాత్రం దారి వేరు, ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపి కొత్తగా రంధ్రం వేయవలసిందే. పాతికేళ్లు నూనె తాగిన అల్యూమినియం వేడికి నూనె కక్కుతుంది, వెల్డు బుడగలు బుడగలుగా వస్తుంది. ఛాంబర్‌ను విప్పి, కడిగి, ముందుగా వేడి చేసి ఆ పని చేసేవారి దగ్గరికే వెళ్లండి.

ఏ పద్ధతి చేసినా చివర కడగడం తప్పనిసరి. అల్యూమినియం రజను అయస్కాంతానికి అంటదు కాబట్టి అయస్కాంతం తిప్పి శుభ్రమైందనుకోవద్దు. డ్రెయిన్ రంధ్రం తెరిచే ఉంచి, పైన నూనె పోసే చోటు నుంచి చవక రకం కొత్త ఇంజన్ ఆయిల్ అర లీటరు నెమ్మదిగా పోసి, కింద తెల్ల గుడ్డ మీద పట్టండి. గుడ్డ మీద మెరుపు కనిపిస్తే మళ్లీ పోయండి. కుడివైపు కవర్ విప్పడం చేతనైతే ఆయిల్ జాలీని కూడా తీసి కడగడం ఉత్తమం, అలా కడిగి బిగించిన బండిని నేను నిశ్చింతగా ఇస్తాను.

బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయండి. రాగి వాషర్ అయితే గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది, అల్యూమినియందైతే పారేసి కొత్తదే కొనండి. బోల్టును మొదట వేళ్లతోనే చివరి దాకా తిప్పండి, వేళ్లకు రాకపోతే ఏదో తప్పు ఉన్నట్టు. తరువాత బిగువు 25 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది. టార్క్ పానా లేనివారు ఇలా ఊహించుకోవచ్చు: ఇరవై సెంటీమీటర్ల పానా కొసను పన్నెండు కిలోల బరువు ఎత్తేంత బలంతో తిప్పడం, అంతకు మించి కాదు. పానాకు పైపు తొడగడం ఎవరు చేసినా వెంటనే ఆపండి.

నూనె పోసి, ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి ఆపి, బోల్టు కింద తెల్ల కాగితం పరిచి ఒక రాత్రి వదిలేయండి. మరక లేకపోతే, బోల్టు తల మీదా బుష్ అంచు మీదా ఛాంబర్ మీదా కలిసేలా రంగుతో ఒకే గీత గీయండి. యాభై కిలోమీటర్ల తరువాత ఆ గీత చూడండి. బోల్టు మీది ముక్క పక్కకు జరిగితే కొత్త వాషర్ సర్దుకొని బోల్టు కొంచెం వదులైందని అర్థం, ఇంజన్ చల్లారాక పాత బిగువుకే ఒకసారి సరిచేయండి. బుష్ మీది ముక్క కూడా దానితో పాటు జరిగితే లాక్‌టైట్ పట్టలేదని అర్థం, నూనె దించి బుష్ తీసి, కడగడం దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.